ద్రాక్షారసం పాత్ర దగ్గర చివరి చోటు

1994లో నేను రేపల్లె అవతల, సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేసేదాన్ని. ఆ ఉద్యోగం ఏమిటో మా అంగలకుదురు బంధువులకు ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. నేను సూది వెయ్యను, మందు రాయను, పురుడు పొయ్యను. ఊళ్ళకు పోయి జబ్బుల గురించి మాట్లాడటమే నా పని. చంకలో ఎప్పుడూ ఫ్లిప్ చార్టు ఉండేది. బొమ్మలు వేసిన పెద్ద అట్టలను ఒక కమ్మీకి గుచ్చి, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుతూ చెప్పుకుపోయే సాధనం అది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీ నోటికి జీతమిచ్చి మరీ ఊళ్ళ మీదకు వదిలారు" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నా నోరు మంచిదని ఎవరూ అనలేదు గానీ, అది పనికొస్తుందనే నమ్మకం మాత్రం నాకు బాగా ఉండేది.

ఆ ఏడు ఎండాకాలంలో మమ్మల్నందరినీ బాపట్లలో ట్రైనింగుకు పిలిచారు. విషయం ఎయిడ్స్. అప్పటికి మా వైపు జనానికి అది గోడ మీద రాతే. ఎవరైనా మాట వరసకు ఎత్తితే "బొంబాయి జబ్బు" అనేవారు. పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరుగారు బక్కపలచటి మనిషి, మాటలో మాత్రం బాగా పదును ఉంది. బోర్డు మీద గళ్ళు గీసి, ఒక వరసలో దేశాల పేర్లు, పక్కన అక్కడి ప్రభుత్వం చేసిన పని, ఆ పక్కన జబ్బు పోయిన దారి రాసుకుంటూ వచ్చాడు.

అమెరికాలో మొదట్లో అది ఎవరో కొందరి జబ్బులెమ్మని పెద్దలు ఏళ్ళ తరబడి పెదవి విప్పలేదట. తర్వాత ఉలిక్కిపడి, ఆ క్రిమి ఉన్న పరదేశీయులు గడప తొక్కకూడదన్నారట. "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు" అన్నాడు డాక్టరుగారు. క్యూబాలో పాజిటివ్ అని తేలినవాళ్ళను శానిటోరియంలో పెట్టి తిండి, వైద్యం, జీతం అన్నీ ఇచ్చారు, గేటు దాటి స్వేచ్ఛగా తిరగనివ్వలేదు. థాయిలాండ్‌లో యాత్రికులు బెదిరిపోతారని మొదట పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకున్నారు, తర్వాత ప్రభుత్వమే కండోములు పట్టుకుని వీధుల్లోకి వచ్చింది. బ్రిటన్‌లో ఇంటింటికీ కరపత్రం పంపారు. ఉగాండాలో దేశాధ్యక్షుడే సభల్లో మైకు పట్టుకుని ఆ జబ్బు పేరు పలికాడు. మన దేశం గడి దగ్గరకు వచ్చేసరికి ఆయన సుద్దముక్క కింద పెట్టేశాడు. "మనం ఇది పరాయివాళ్ళ జబ్బు అనుకున్నాం. చదువుకోవడానికి వచ్చిన విదేశీ పిల్లల రక్తం పరీక్ష చేశాం. మన లారీలు ఎక్కడ ఆగుతున్నాయో మాత్రం చూసుకోలేదు" అన్నాడు.

నేను లేచి, "ఏ దేశంలో జబ్బు తక్కువుందండి?" అని అడిగాను.

"కాయితం మీదా, నిజంగానా?" అన్నాడాయన. "మనిషిని దోషిలా చూసేచోట ఎవడూ పరీక్షకు రాడు. పరీక్షకు రాకపోతే గ్రాఫులో గీత నేల మీద పడుకునే ఉంటుంది. బాహాటంగా మాట్లాడిన దేశంలో మొదట గీత నిలువునా లేస్తుంది. లేచిన గీతను చూసి కాదమ్మా, పడుకున్న గీతను చూసి భయపడాలి."

బాగా చెప్పాడనుకున్నానే గాని, దాని బరువు నాకు తెలియలేదు. రేపల్లె రాగానే ఆ గళ్ళన్నీ నా ఫ్లిప్ చార్టు మీదకు ఎక్కించాను. దేశానికో బొమ్మ. ఒక అట్ట మీద తాళం వేసిన నోరు, ఒక అట్ట మీద మూసిన గేటు, ఇంకో దాని మీద మంచాలున్న గది, మరో దాని మీద మైకు. దేశదేశాల తిప్పలు చెబితే మన జనం ముచ్చటగా వింటారని నా ఆలోచన.

ఆ అట్టలతో పని త్వరలోనే పడింది. ఊరి పేరు చెప్పను. లూథరన్ క్రైస్తవులు ఎక్కువగా ఉండే పల్లె. అక్కడ రాహేలు అని ముప్పై లోపు వయసున్న మనిషి, వరి నాట్ల ముఠాలో పనిచేసేది. పిల్లలు లేరు. ఆమె భర్త దానియేలు లారీ డ్రైవరు. దుగ్గిరాల యార్డు నుంచి పసుపు బస్తాలు వేసుకుని బొంబాయి దాకా పోయేవాడు. అతను నెలల తరబడి జ్వరంతో, దగ్గుతో చిక్కి శల్యమై తెనాలిలో ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. శవాన్ని ప్లాస్టిక్ షీటులో చుట్టి, తాళ్ళు బిగించి, బ్లీచింగ్ పౌడరు చల్లి, "విప్పొద్దు" అని చెప్పి ఇచ్చారు. ఆ పల్లెల్లో శవానికి స్నానం చేయించి, తెల్లబట్ట కట్టి పెట్టెలో పెట్టాలి. అదేమీ లేకుండా ప్లాస్టిక్‌తోనే పూడ్చారు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆ ప్లాస్టిక్ ఉంచలేదు.

తర్వాత రాహేలును నేనే గుంటూరు తీసుకెళ్ళి ఎలీసా పరీక్ష చేయించాను. ఆ క్రిమి ఒంట్లో చేరితే దాని మీద శరీరం తయారుచేసుకునే పదార్థాన్ని రక్తంలో పట్టే పరీక్ష అది. పాజిటివ్ వచ్చింది. అప్పట్లో మా చేతుల్లో ఆ క్రిమికి మందు లేదు. దాని వెనకాలే వచ్చే విరేచనాలకు, టీబీకి మాత్రం మందులున్నాయి. ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను మాటలు కూడగట్టుకుంటుంటే, ఆమె తల వంచుకుని అడిగింది.

"మేడంగారండి, నేను ఇంక బల్లలో చెయ్యి వెయ్యకూడదాండి?"

ఎన్నాళ్ళు బతుకుతానని అడగలేదు, ఇది అడిగింది. బల్ల అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. నేను హిందూ ఇంట్లో పుట్టినదాన్ని. రాహేలే చెప్పింది. నెలకోసారి ఆదివారం ప్రభువు భోజనం ఉంటుంది. సంఘమంతా బలిపీఠం ముందు వరసగా మోకరిస్తారు. పాస్టరుగారు ఒక్కొక్కరికీ రొట్టె ముక్క ఇచ్చి, ఒకే పాత్రలోని ద్రాక్షారసం అందరి పెదవులకూ అందిస్తారు. అది విన్నప్పుడు నాకు విచిత్రంగా అనిపించింది. మన దగ్గర చెంబు నీళ్ళు కూడా ఎత్తి పోసుకుని తాగుతాం. ఎంగిలి తగిలితే కడిగి గాని ముట్టుకోం. అలాంటి నేల మీద ఊరంతా పెదవి ఆనించి తాగే పాత్ర అదొక్కటే.

"వెయ్యొచ్చు, రాహేలూ. పాత్ర వల్ల ఎవరికీ రాదు" అన్నాను.

"మీరంటే సరిపోద్దాండి? వాళ్ళనాలి గాని."

వాళ్ళు అననే అన్నారు, ఆమె ముట్టిన పాత్ర మేం ముట్టమని. ఆ మాట మోసుకుని పాస్టరు దైవసహాయంగారే మా ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. భార్య పోయిన పెద్దాయన, మెత్తటి మనిషి. "ఆమెను ఆపితే నాకు దేవుడి దగ్గర మాటుండదు. ఆపకపోతే బల్ల దగ్గరకు మనుషులుండరు. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు బయట విడిచి, చర్చిలో నా ఫ్లిప్ చార్టు నిలబెట్టాను. ఎలా వస్తుందో, ఎలా రాదో చెప్పాను. చేతులు పట్టుకుంటే రాదు, ఒక పళ్ళెంలో తింటే రాదు, ఎంగిలి వల్ల రాదు. ఒక కుర్రాడు లేచి, "దోమ కుడితే?" అన్నాడు.

"రాదు."

"రాసిస్తారా మేడంగారూ?"

"రాసిస్తాను. ఈసారి బొంబాయి పోయినప్పుడు నువ్వెలా ఉంటావో నాక్కూడా రాసివ్వు."

జనం ఘొల్లుమన్నారు. రాహేలు కూడా వెనక గోడకు ఆనుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి గెలిచాననుకున్నాను. ఊపు మీద దేశాల అట్టలు తిప్పడం మొదలుపెట్టాను. ఏ దేశం ఏం చేసిందో, ఏం పోగొట్టుకుందో చెప్పాను. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు. మైకు బొమ్మ చూపించి, ఇదీ దారి అని చెబుదామనుకునేలోపు వాళ్ళే ఎవరికి నచ్చిన దేశం వాళ్ళు ఎంచుకున్నారు.

"ఆ తాళం బొమ్మే మంచిదండి" అన్నాడొక సంఘ పెద్ద. "ఎవరూ నోరెత్తకుండా ఉంటే ఊరి పరువు దక్కుద్ది. ఆడపిల్లల సంబంధాలు చెడకుండా ఉంటాయి."

"గేటు మూసినోళ్ళే నయం" అంది ముందు వరసలోని ఒక ముసలమ్మ. "ఇంట్లో కూచుని ప్రార్థన చేసుకుంటే దేవుడు వినడా ఏంటి?"

"మంచాల దేశం వాళ్ళు తిండి పెట్టి మరీ చూసుకున్నారంటన్నారుగా! మనమూ అలాగే చేద్దాం. రాహేలుకు వేరే పాత్ర పెడదాం. చందాలేసుకుని వెండిదే కొందాం" అన్నాడు ఇంకొకతను. వెండిది అనగానే చాలామంది తలలూపారు.

అప్పుడు యోహానుగారు లేచాడు. రిటైరైన బడిపంతులు, ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవాడు. ఆయన లేస్తే మిగతావాళ్ళు కూర్చుంటారు.

"వేరే పాత్రా?" అన్నాడు. "ఆ మాట ఎవడ్రా అన్నది? మా నాన్నకు హోటల్లో గ్లాసు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. చూరులో కొబ్బరిచిప్ప ఒకటి దోపి ఉండేది. అది తీసి కడుక్కుని పట్టుకుంటే పైనుంచి టీ పోసేవాళ్ళు. నేను చదువుకుని పంతులినయ్యాక కూడా నాకు వేరే గ్లాసే. మా నాన్న పదిమందితో సమానంగా పెదవి ఆనించి తాగిన పాత్ర ఈ భూమ్మీద ఇదొక్కటే. ఇందులో వేరేది పెడితే ఆయన సమాధి ముందుకు నేను ఏ మొహం పెట్టుకుని పోను?" తర్వాత నా వైపు తిరిగాడు. "మీరేం అనుకోకండమ్మా. ఆ హోటలు మీవాళ్ళదే."

నేనేం అనుకుంటాను? దేశాల అట్టలన్నీ వెనక్కి తిప్పేశాను.

యోహానుగారు గొంతు తగ్గించాడు. "పాత్ర ఒకటే. రాహేలు అందులోనే తీసుకుంటది. అందరూ అయ్యాక, ఆఖర్న. మిగిలింది ఎలాగూ పాస్టరుగారే తాగెయ్యాలి కదా. పిల్ల మనసు నొచ్చుకోదు, మన మనసూ పీకదు. ఏమంటారు?"

చర్చిలో ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. పామూ చావలేదు, కర్రా విరగలేదు. "పాస్టరుగార్ని దేవుడు చూసుకుంటాడులే" అని ఎవరో అంటే మళ్ళీ నవ్వారు.

"యోహానుగారూ, ముందు తాగినా ఆఖర్న తాగినా జబ్బుకు తేడా ఏం లేదండి" అన్నాను.

"జబ్బుకు లేదమ్మా. జనానికి ఉంది" అన్నాడాయన.

ఆయనలో కల్మషం లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట గట్టిగా అంటాను. వేరే గ్లాసు దెబ్బ తిన్న మనిషి ఆ దెబ్బ ఇంకొకరికి తగలకూడదనే అలా చెప్పాడు. పాస్టరుగారు రాహేలును అడిగాడు. "సరేనండి" అంది.

తర్వాతి బల్ల ఆదివారం నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. బలిపీఠం ముందున్న కటకటాల వెంట వరసగా మోకరించారు. పాస్టరుగారు పాత్ర అంచు తెల్లగుడ్డతో తుడుస్తూ ఒక్కొక్కరికీ అందిస్తూ వచ్చాడు. చిట్టచివర రాహేలు. ఆమె తాగాక మిగిలింది ఆయన అందరికీ కనపడేలా తాగాడు. నాకు కళ్ళు చెమర్చాయి. బయటకు వచ్చాక, "సంతోషమేనా?" అన్నాను.

"సంతోషమేనండి." చెప్పులు వేసుకుంది. "ఇదివరకు నా తర్వాత ఎవరు తాగుతున్నారో నేను చూసుకునేదాన్ని కాదండి. ఇవ్వాళ చూసుకున్నాను. ఎవరూ లేరు."

చర్చిలో మొదలైనది చర్చిలో ఆగలేదు. నాట్లు వచ్చాయి. వరి నాటే ఆడవాళ్ళు మడిలో వరసగా వంగి వెనక్కి నడుస్తారు. రాహేలును ముఠాలో నుంచి తీసెయ్యలేదు. ఎవరూ పల్లెత్తు మాట కూడా అనలేదు. గట్టు పక్క చివరి మునుం, అంటే నాటే వరసలో కొసన ఉన్న వంతు, ఆమెకిచ్చారు, అంతే. నీళ్ళ బిందె దగ్గర ఆఖర్న తాగమన్నారు. చెరువు మెట్ల దగ్గర ఆఖర్న బట్టలుతుక్కోమన్నారు. ఎవరినైనా నిలదీస్తే ఒకటే జవాబు. "మేమేం ఎలి వేశామా అండి? చర్చిలో ఎలాగో ఇక్కడా అలాగే." అత్త ఇంట్లో కూడా అన్నం ఆఖర్న పెట్టేది. ఊరంతా ఆమెకు ఒకే కొలత వాడింది, అదీ దేవుడి దగ్గర నుంచి తెచ్చుకున్న కొలత.

నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ ఎవరి మీద? కొట్టినవాడు లేడు, తిట్టినవాడు లేడు.

ఆ ముఠాలోనే కుమారి అని ఒక అమ్మాయి ఉండేది. రాహేలును అక్కా అని పిలిచేది. ఆమె భర్త దానియేలు లారీ మీదే క్లీనరు. అతను కూడా ఆ తర్వాత జబ్బుపడి ఇంటి దగ్గరే పోయాడు. జ్వరమన్నారు. ప్లాస్టిక్ చుట్టలేదు గనుక అది జ్వరమే అయింది. కుమారికి ఒక పసిపిల్ల. వానాకాలం వెళ్ళేసరికి కుమారి దగ్గుతోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాగేది. చూస్తుండగానే జాకెట్టు వదులైపోయింది.

కాలువ గట్టు మీద ఒంటరిగా దొరికితే పట్టుకున్నాను. "కళ్ళె పరీక్ష చేయించుకో, కుమారీ. టీబీ అయితే మందు ఊరికే ఇస్తాం. నెలల పాటు మింగాలి గానీ నయమైపోతుంది."

"టీబీ కాదండి. మంచు ఒంటికి పడలేదు, అంతే."

"కాదని తెలిస్తే మరీ మంచిది కదా?"

అటూ ఇటూ చూసింది. "దానియేలు బావకీ ముందు టీబీ అనే అన్నారు కదండి. నేను మీ ఆసుపత్రి మెట్లెక్కితే చాలు, ఊళ్ళో లెక్కలేసేస్తారు."

"ఎవరికీ చెప్పనమ్మా. నా నోట్లోంచి రాదు."

"మీరు చెప్పక్కర్లేదండి. నన్ను ఆఖర్న కూచోబెడితే ఎవరికైనా తెలుస్తది." చంకలో పిల్లను సర్దుకుంది. "దీన్ని రేపు ఎవరు ఎత్తుకుంటారండి? ఎవరు పక్కన కూచోబెట్టుకుని బువ్వ పెడతారు?"

నేను ఎన్నిసార్లు వెళ్ళానో. దగ్గు మందు ఇస్తే తీసుకునేది. డబ్బీ ఇచ్చి కళ్ళె ఉమ్మి తెమ్మంటే ఖాళీ డబ్బీ తెచ్చిచ్చేది. రాహేలుకు కూడా ఆ మధ్య టీబీ వచ్చింది. ఆమె సంగతి ఊరందరికీ తెలిసిందే కాబట్టి దాచుకోవడానికి ఏమీ లేక నేరుగా మా దగ్గరకొచ్చి మందు మింగింది, తేరుకుంది. ఆ పెద్ద జబ్బు ఉందని తెలిసిన మనిషి బాగుపడింది, తెలియనివ్వకూడదనుకున్న మనిషి కరిగిపోతోంది. ఇదంతా నా కళ్ళ ముందే.

సరిగ్గా ఆ రోజుల్లో మా పై అధికారులు మీటింగు పెట్టి మండలాల వారీగా గ్రాఫులు చూపించారు. మా వైపు గీత నేల మీద పడుకుని ఉంది. రాహేలు తర్వాత కొత్త కేసు ఒక్కటీ లేదు. ప్రచారం బాగా చేశామని చప్పట్లు కొట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వీపు తట్టారు. బాపట్లలో విన్న మాట అప్పుడు నెత్తి మీద రోకటిపోటులా తగిలింది. మా ఊరు నోటికి తాళం వేసిన దేశమూ కాదు, గేటు మూసిన దేశమూ కాదు. అన్నీ చేసింది, మంచిగానే చేసింది. అయినా గీత పడుకునే ఉంది. నేను లేచి చెప్పాను. "ఇది తగ్గడం కాదండి, దాక్కోవడం." సరే చూద్దామన్నారు, టీలు వచ్చాయి.

క్రిస్మస్ ముందు బల్ల ఆదివారం. కుమారి గోడ పట్టుకుని నడుస్తూ చర్చికి వచ్చింది. మిగతా ఆడవాళ్ళు అప్పటికే మోకరించారు. వరసలో సందు లేదు. ఎవరూ జరగలేదు కూడా. కుమారి దగ్గు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క క్షణం నిలబడి, రాహేలును దాటి వెళ్ళి, వరస చిట్టచివర మోకరించింది. ఆ చోటు అర్థం తెలియనివాళ్ళు ఆ చర్చిలో లేరు. పాస్టరుగారి చెయ్యి గాలిలో ఆగిపోయింది. తలలు తిరగడం నాకు వెనక నుంచి కనపడుతోంది.

రాహేలు లేచింది. కుమారి వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆమె అవతల పక్కన మోకరించింది. "ఆఖరు చోటు నాదమ్మా. నువ్వు పొరపాటున వచ్చావు" అంది, చర్చి అంతటికీ వినపడేలా. పాస్టరుగారు ముందు కుమారికి, తర్వాత రాహేలుకు పాత్ర అందించాడు. తిరిగిన తలలు మళ్ళీ వంగాయి. ఊరు కుమారిని ఏమీ అనకుండా వదిలేసింది.

నాకు చెప్పలేనంత దుఃఖం వచ్చింది. మేమంతా కలిసి ఆమెకు ఇచ్చిన శిక్షను ఆమె ఇంకొకరికి దుప్పటిలా కప్పింది. అంతకంటే గొప్ప పని నేను నా ఉద్యోగంలో చూడలేదు. అది కూడా కుమారిని కాపాడలేదు. దాగడానికి చోటు దొరికింది గనుక కుమారి దాగింది, కళ్ళె పరీక్షకు మాత్రం రాలేదు. సంక్రాంతి దాటకుండానే పోయింది. మందున్న జబ్బుతో పోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయని ఊళ్ళో చెప్పుకున్నారు. రాహేలే ఆమెకు స్నానం చేయించి తెల్లచీర కట్టింది. పసిపిల్లను కుమారి తల్లి వచ్చి చీరాల దగ్గర రామాపురం తీసుకుపోయింది. ఆ పిల్లకు పరీక్ష చేయిద్దామన్నాను. ఆ తల్లి నా మొహం కూడా చూడకుండా బస్సెక్కింది.

రాహేలు ఆ తర్వాత ఏడాదికి పైగా బతికింది. చివర్లో విరేచనాలతో మంచం పట్టినప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకుని వెళ్ళేదాన్ని. నొప్పి గురించి చెప్పేది కాదు. "వరసలో నా చోటు ఖాళీగా ఉంచుతున్నారాండి?" అని ఒకసారి అడిగి నవ్వింది. ఆమె పోయినప్పుడు ప్లాస్టిక్ చుట్టనివ్వలేదు నేను. గ్లౌజులు ఎలా వేసుకోవాలో, స్నానం ఎలా చేయించాలో దగ్గర నిలబడి చూపించాను. ఊరంతా సమాధి దాకా వచ్చింది, ఏడ్చింది కూడా. పెట్టెకు పూలు కట్టారు.

ఆమె పోయిన తర్వాత వచ్చిన మొదటి బల్ల ఆదివారం నేను మళ్ళీ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. మగవాళ్ళ వరస అయిపోయింది. ఆడవాళ్ళు వచ్చి మోకరించారు. వరస చివర ఒక పెద్దావిడ ఉంది. తన అవతల ఎవరున్నారా అని పక్కకు చూసింది. ఎవరూ లేరు. మోకాళ్ళు పట్టుకుని లేచి, వెనక్కి వచ్చి కూర్చుంది. ఆమె పక్కనున్నామె తల తిప్పి చూసింది. ఇప్పుడు చివర తనే. ఆమె కూడా లేచింది. తర్వాత ఆ పక్కామె. ఎవరూ తోసుకోలేదు. కొస ముడి ఊడిన దండలా ఆ వరస చివరి నుంచి ఒక్కొక్కరే లేచిపోయారు. చివరకు కటకటాల ముందు ఎవరూ మిగల్లేదు. దైవసహాయంగారు ఇంకా సగం నిండి ఉన్న పాత్ర పట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు.

ఒక మనిషిని చంపకుండా, తిట్టకుండా, మర్యాదగా ఒక మూల నిలబెట్టినా సరే, ఆ మూల ఆ మనిషితో పోదని నేను నేర్చుకున్నది ఆ రోజు. మూల ఉంటే దానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి తనే అవుతానేమోనని అందరూ దాక్కుంటారు. దాక్కున్నచోటే జబ్బు హాయిగా బతుకుతుంది. ఊరైనా అంతే, దేశమైనా అంతే. ఎలా వస్తుంది, ఎలా రాదు అని ఆ తర్వాత చాలా ఊళ్ళలో చెప్పాను గానీ, అంతకంటే ముందు, వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెడతారని అడగడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం చర్చి బయట యోహానుగారు నా కోసం ఆగాడు. ఈ రెండేళ్ళలో చాలా ముసలివాడైపోయాడు.

"అమ్మా, వేరే పాత్ర పెట్టినా బాగుండేదేమో" అన్నాడు. "పాత్ర అయితే రాహేలుతోపాటు పెట్టెలో పెట్టి పూడ్చేసేవాళ్ళం. ఈ చోటును ఎక్కడ పూడ్చాలి?"